మెల్లగా తగ్గించాల్సిన ఉప్పు

జూన్ 3

పొట్టీ,

నీ ఉత్తరం అందింది. కిటికీ తలుపు బిగుసుకుపోయిందని రాశావు. అంచులకు సబ్బు రుద్దు, వదులవుతుంది. ఇక అసలు సంగతి. ఇది ఫోన్లో చెప్పేది కాదు, నేను ఫోన్ పట్టుకుంటే మీ నాన్న పక్కన చేరి చెవులు రిక్కిస్తాడు.

మొన్న వర్క్‌షాపులో రైలు పెట్టె కింద దూరి బోల్టు బిగిస్తుంటే మీ నాన్నకు కళ్ళు తిరిగాయి. పక్కవాళ్ళు పట్టుకుని బయటికి లాగారు కాబట్టి సరిపోయింది. డాక్టరమ్మ బీపీ చూసింది, మిషను చెడిపోయిందేమోనని ఇంకో మిషను తెప్పించి మళ్ళీ చూసింది. మిషను బాగానే ఉంది. ఉప్పు తగ్గించకపోతే పక్షవాతం వస్తుందని వాడి మొహం మీదే చెప్పింది. ఇంట్లో తగ్గించేశాను. మరి మధ్యాహ్నం సంగతి? క్యారియర్ కట్టిస్తానంటే నేనేదో బూతుమాట అన్నట్టు చూశాడు. అక్కడ క్యారియర్ తెచ్చుకునేవాళ్ళు షెడ్డు చివర బెంచీ మీద విడిగా తినాలి. వీడికేమో ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ క్యాంటీన్లో అదే బల్ల, అదే జట్టు. "నన్ను రోగిష్టివాళ్ళ బెంచీకి తోలతావా అక్కా" అన్నాడు. ప్రాణం మీదికొచ్చినా ఆ బల్ల వదలడు.

ఆ క్యాంటీన్ కాంట్రాక్టు సోడాదొరదని నీకు తెలుసు. నన్ను అక్కడి వంటపనిలోంచి ఎలా పంపేశాడో మాత్రం నీకు పూర్తిగా చెప్పలేదు, సిగ్గేసి. సోడాదొర కూరల్లో ఉప్పు కుమ్మరించమనేవాడు. తిన్నవాడికి నోరు పిడచగట్టుకుపోయి కౌంటరు దగ్గర తీపి సోడా కొంటాడు. వాడికి లాభం తిండి మీద కాదు, దాహం మీద. మంచినీళ్ళ కుళాయి ఎప్పుడు చూసినా పాడే. ఈ మాటే నేను హాల్లో నలుగురి ముందూ అన్నాను. వాడు నా చేతిలోంచి గరిటె లాక్కున్నాడు. "ముసలిదానివైపోయావు, నీ నాలుక చచ్చింది, ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఏప్రాన్ విప్పి గుమ్మం దాటేదాకా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. ఇప్పటికీ వినిపిస్తోంది.

దేశం ఏం తినాలో పుస్తకం రాసే ఆఫీసులో ఉన్నావుగా. అందులో ఒక్క వాక్యం రాయి. సోడాదొర మునిగిపోవాలి. ఎలా రాస్తావో నాకు తెలీదు, చదువుకున్నదానివి నువ్వు.

నీ కడుపు మాడ్చుకోకుండా తిను.

అత్త

జూన్ 14

అత్తా,

సబ్బు పనిచేసింది. కిటికీ ఇప్పుడు మూయకుండానే మూసుకుపోతోంది, దానికీ ఏదో ఒకటి చెప్పు.

నాన్న సంగతి చదివి ఆ రోజంతా ఆఫీసులో ఏ పనీ చెయ్యలేకపోయాను. నాకూ కోపం వచ్చింది. కానీ నువ్వనుకుంటున్నట్టు ఈ పుస్తకం లాఠీ కాదు. వీటిని జాతీయ ఆహార మార్గదర్శకాలు అంటారు. ప్లేటులో సగం కూరగాయలు, పళ్ళు ఉండాలని, ఒక పావు వంతు ధాన్యం, ఇంకో పావు పప్పో గుడ్డో చేపో ఉండాలని, ఉప్పు, చక్కెర, నూనె తగ్గించమని చెబుతాం. చెప్పినంత మాత్రాన ఎవరూ వినరని మాకూ తెలుసు. మా మీటింగులో ఒక మధ్యాహ్నమంతా "తగ్గించండి" అనాలా, "మితంగా వాడండి" అనాలా అని పెద్దలు కొట్టుకున్నారు. కొట్టుకుంటున్నంతసేపూ క్రీమ్ బిస్కెట్లు నమిలారు.

అందుకే క్యాంటీన్ల అధ్యాయం నేను అడిగి తీసుకున్నాను. నాన్నలాంటివాళ్ళకు నీతులు చెప్పి లాభం లేదు. ఎదురుగా వచ్చే ప్లేటే మారాలి. వరసలో ముందు పళ్ళు, కూరగాయలు కనబడాలి. మంచినీళ్ళు బల్ల మీదే ఉండాలి. తీపి సోడా కావాలంటే లేచి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అప్పుడు వాళ్ళ జట్టు విడిపోదు, బల్ల మారదు, తినేది మాత్రం మారుతుంది. ప్రభుత్వ క్యాంటీన్లు కొన్నింటిలో ఈ నెలలోనే ముందు పరీక్షగా పెట్టి చూస్తారు. మీ వర్క్‌షాపు అందులో ఉండేలా చూస్తాను. అంతకుమించి ఒక మనిషిని ముంచడానికి నేను వాక్యం రాయలేను. రాశానని ఎవరికైనా తెలిస్తే అధ్యాయం మొత్తం చించి పారేస్తారు.

నాన్నకు ఈ సంగతి చెప్పకు. మాత్రలు నీ ఎదురుగానే మింగించు.

పొట్టి

జూలై 2

ఆఫీసరు మేనకోడలికి,

"మితంగా" కోపపడమని రాశావు, పడుతున్నాను. నీ ఉద్యోగం నీకు ముఖ్యం, కాదనను. అత్త పరువుదేముంది, పోయేదేదో పోయింది.

సరే, నీ పుస్తకంలోని ఆ అధ్యాయం మా క్యాంటీన్‌కి పరీక్షగా వచ్చింది. క్యాంటీన్ గోడకు పెద్ద బొమ్మ అంటించారు, ప్లేటుకు అడ్డంగా గీత, సగం పచ్చగా. చదివి సోడాదొర మొహం మాడిపోయిందట. మాడితే నేను సంబరపడ్డాను. నా సంబరం వారం కూడా నిలవలేదు. వాడు కొత్త ప్లేట్లు తెప్పించాడు. కాఫీ కప్పు కింద పెట్టుకునే సాసరు కన్నా కాస్త పెద్దవి. బొమ్మలో ఉన్నట్టే సగం ప్లేటు క్యాబేజీ వేస్తున్నాడు. సగమంటే నా అరచేతిలో సగం. తనిఖీకి వచ్చినతను బొమ్మ చూశాడు, ప్లేటు చూశాడు, తల ఊపి వెళ్ళిపోయాడు. మీ నాన్న ఇంటికొచ్చి "నా కూతురి ఆఫీసు వాళ్ళు బొమ్మ బాగా వేశారు, ఆకలే తీరడం లేదు" అన్నాడు. ఆకలి తీరక వీళ్ళు ఏం చేస్తున్నారో చెప్పనా? ఇంకో సోడా తాగుతున్నారు. వాడి లాభం పెరిగింది.

నువ్వు సోడాదొరని ముంచలేనన్నావు. పడవ కట్టి ఇచ్చావు. మీ ఆఫీసులో వాడికి చుట్టాలెవరైనా ఉన్నారా? ఉంటే ముందే చెప్పు, నేను నోరు మూసుకుంటాను.

నీకు నచ్చే ఉసిరి పచ్చడి ఈసారి పంపడం లేదు. అందులో ఉప్పుంది కదా.

అత్త

జూలై 11

అత్తా,

పచ్చడి పంపకపోతే మానె, నిందలు మాత్రం పంపకు. నాకు అతని చుట్టరికం అంటగట్టావు. చదివి ఏడుపొచ్చింది, ఆ తర్వాత ప్లేట్ల సంగతి చదివి ఏడుపు పోయి ఒళ్ళు మండింది. అంతమంది పెద్దలం కూర్చుని సగం అని రాశాం, దేనిలో సగమో రాయలేదు. పెద్దలందరికీ నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను, మిగతా తిట్లు దాచి. ఇప్పుడు మనిషికి కూర ఎంతో కొలతతో సహా రాశాం. ప్లేటు ఎంతదైనా సరే, ఆ కూర పడాల్సిందే. నీళ్ళ కుళాయి బాగు చెయ్యకపోతే కాంట్రాక్టు పొడిగించరు. సోడా కౌంటరు హాలు బయటికి జరపాలి. సోడాదొర ఈ ఆదేశం చదువుతున్నప్పుడు పక్కనుండి చూడాలనిపించింది. చూశావా, నీ బుద్ధులే నాకూ వస్తున్నాయి.

ఇంకో మాట. ఉప్పు తగ్గించి కూడా రుచిగా వండగలిగే మనిషిని పెట్టుకోవాలని షరతు పెట్టాం. మీ ఊళ్ళో అలాంటి చెయ్యి ఒక్కటే ఉంది. అతను నీ దగ్గరికే వస్తాడు. వస్తే బెట్టు చెయ్యకుండా వెళ్ళు.

ఇది జాగ్రత్తగా చదువు. ఉప్పు ఒక్కసారిగా తియ్యకూడదు. ఈ వారం చిటికెడు, వచ్చే వారం ఇంకో చిటికెడు. నాలుక మెల్లగా అలవాటు పడుతుంది, తగ్గినట్టు ఎవరికీ తెలియకూడదు. నిమ్మరసం, వెల్లుల్లి, మిరియాలు పెంచుకుంటూ పో. ఒక్కసారిగా తీసేస్తే నోటికి చప్పిడి తగిలి జనం బయటికి పరిగెడతారు, బయట ఇంకా ఎక్కువ తింటారు. ఈ పరీక్ష బాగా జరిగితే నా అధ్యాయం దేశంలో ప్రతి క్యాంటీన్‌కీ వర్తిస్తుంది. చెడితే చించేస్తారు. నాకు నాన్న ఒక్కడే కాదు, అలాంటి బల్లలు ఎన్నో కనబడుతున్నాయి. కానీ ముందు కనబడేది నాన్నే.

నీ అలక తీరితే పచ్చడి పంపు. కొంచెమే తింటాను.

పొట్టి

ఆగస్టు 1

బంగారు పొట్టీ,

వచ్చాడే. నిన్న పొద్దున్నే వచ్చాడు. నేను చేటలో పప్పు ఏరుతున్నాను. గుమ్మంలో నిలబడి దగ్గాడు. తలెత్తలేదు. మళ్ళీ దగ్గాడు. "జలుబు చేసిందా, లోపలికి రాకు, ఇంట్లో బీపీ మనిషి ఉన్నాడు" అన్నాను. పప్పంతా ఏరేదాకా అలాగే నిలబెట్టాను. ఏరిన పప్పు మళ్ళీ ఏరాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

చివరికి "మీరు రావాలమ్మా" అన్నాడు. ఆనాడు ముసలిదాన్ని, ఇప్పుడు అమ్మని. ఒకే ఒక్క షరతు పెట్టాను. గరిటె ఎక్కడ లాక్కున్నాడో అక్కడే, అంతమంది ముందే, వాడి చేత్తో నాకు ఇవ్వాలి. ఇచ్చాడు. మీ నాన్న బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు, వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. నాకు మాత్రం కళ్ళు తడవలేదు. గరిటె తిరిగొచ్చింది, నవ్వు ఎక్కడికీ పోలేదు. ఇంతమంది నన్ను చూసి నవ్విన చోట వాణ్ణి చూసి నవ్వితే సరిపోదు. వాణ్ణి తరమాలి.

ఉప్పు సంగతి రాశావు. చిటికెడు చిటికెడుగా తగ్గిస్తే జనానికి తెలియదు, ఒక్కసారిగా తీసేస్తే తిరగబడతారు. బాగా అర్థమైంది. చదువుకున్నవాళ్ళు ఎంత వివరంగా చెబుతారో. నువ్వేమీ బెంగ పెట్టుకోకు, వంటిల్లు ఇప్పుడు నాది.

పచ్చడి పంపుతున్నాను. పెద్ద సీసా.

గరిటె పట్టిన మీ అత్త

ఆగస్టు 20

అత్తా,

సీసా అందింది, మూత తియ్యలేదు. తినబుద్ధి కావడం లేదు. మీ వర్క్‌షాపు నుంచి వచ్చిన నివేదిక నా బల్ల మీదుంది. మొదటి రోజు నుంచే తిండిలో ఉప్పన్నది లేదని, నీళ్ళలో ఉడికించిన గడ్డిలా ఉందని, జనం ప్లేట్లు నేలకేసి కొట్టారని, సోడాదొర చొక్కా చించారని ఉంది. "ఆరోగ్యం పేరుతో పస్తులు పెడుతున్నారు" అని గోడ మీద రాశారట. నేను గీయించిన బొమ్మ మీద పేడ కొట్టారట.

ఇది వాడి పనే. పరీక్ష చెడిపోతే పాత పద్ధతి, పాత ఉప్పు, పాత సోడా వచ్చేస్తాయని కావాలని చేశాడు. నువ్వు వండిన దాన్ని వాడు మార్పించి ఉంటాడు. ఇన్నాళ్ళూ నేను నీకు నీతులు చెప్పాను. ఇప్పుడు చెబుతున్నాను విను, వాణ్ణి నేను వదలను. ప్రభుత్వ క్యాంటీన్లలో వాడు ఇంకెక్కడా గిన్నె దించకుండా చేస్తాను, ఆ కాగితం ఈ రోజే పై అధికారికి పెడుతున్నాను. వంటింట్లో నీ కళ్ళతో చూసిందంతా రాసి పంపు. నీ మాట చాలు.

నాన్న మధ్యాహ్నం ఏం తింటున్నాడు? నేను అడిగిన ప్రతిసారీ ఫోన్లో "బ్రహ్మాండంగా ఉన్నాను" అంటాడు. ఆ మాట అన్నాడంటే నాకు భయం. నిజం నువ్వే రాయి.

పొట్టి

ఆగస్టు 27

పొట్టీ,

సోడాదొర పోయాడు. గేటు దాకా తరిమారు. చొక్కా ఒక చెయ్యి ఊడి వేలాడుతుంటే, ఒక కాలికి చెప్పుతో పరిగెత్తాడు. ఆనాడు నన్ను చూసి నవ్వినవాళ్ళే ఇవాళ వాణ్ణి చూసి నవ్వారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. నాకిప్పుడు ఆకలేస్తోంది, నిద్ర పడుతోంది.

వాడు ఏం మార్పించాడో రాయమన్నావు. వాడికి వంటేం తెలుసు, గిన్నె ఏదో మూత ఏదో తెలీదు. గరిటె ఎవరి చేతిలో ఉంటే ఉప్పు వాళ్ళ చేతిలో ఉంటుంది. అంతకన్నా అడగకు. పగ నాది, తీర్చుకున్నాను. నువ్వూ వాణ్ణి వదలనంటున్నావు కదా, ఇద్దరి పనీ అయింది. నీ అధ్యాయం పోతే ఇంకొకటి రాసుకుంటావు, నీకు చెయ్యి తిరిగిన పని.

క్యాంటీన్‌కి తాళం వేశారు. కొత్త కాంట్రాక్టు అయ్యేదాకా జట్టంతా గేటు బయట బండి దగ్గర తింటున్నారు. నూనెలో వేయించినవి, బండివాడు పైన ఉప్పూ కారం చల్లి ఇస్తాడు. మీ నాన్నకు వద్దని చెప్పాను. "చప్పిడి తిని తిని నాలుక చచ్చిందక్కా, నాలుగు రోజులు తిననీ" అన్నాడు. సరేలే అన్నాను. నాలుగు రోజుల ముచ్చటే కదా. మాత్రలు మింగుతున్నాడు.

సంతోషంగా ఉన్నాను, నువ్వూ ఉండు.

అత్త

సెప్టెంబర్ 16

అత్తకు,

నాన్నను ఇక్కడి ఆసుపత్రికి తెచ్చి వారం దాటింది. మీ ఊరి ఆసుపత్రి వరండాలో నువ్వు నా చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని ఎందుకు వచ్చేశానో నీకు తెలుసు. అయినా కాగితం మీద పెడుతున్నాను, మళ్ళీ మళ్ళీ చదువుకుంటావని.

నాన్న ఆ బండి దగ్గరే పడిపోయాడు, చేతిలో పొట్లంతో. కుడి చెయ్యి, కుడి కాలు రావడం లేదు. మాట ముద్దగా వస్తోంది. డాక్టరు ఇన్నాళ్ళూ ఏం తిన్నాడని అడిగారు. దేశం ఏం తినాలో రాసేదాన్ని నేను, మా నాన్న ఏం తిన్నాడో నా నోటితో చెప్పాను.

సోడాదొర మా ఆఫీసుకి వచ్చాడు. నేను పెట్టిన కాగితానికి జవాబు చెప్పుకోవడానికి వచ్చాడు. మొదటి రోజే నువ్వు ఉప్పు జాడీకి మూత బిగించి, వడ్డించేవాళ్ళతో "ఇది దొరగారి ఆర్డరు" అని చెప్పించావట. నేను నమ్మలేదు. వాడి మీద అరిచాను. అప్పుడు నీ ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. గరిటె ఎవరి చేతిలో ఉంటే ఉప్పు వాళ్ళ చేతిలో ఉంటుందని రాశావు. నా ఒళ్ళు తెలియని కోపంలో మొదటిసారి అది నా కళ్ళకు ఆనలేదు. నా మీద నాకు అసహ్యం వేసింది. జనం ఎలా తిరగబడతారో నేనే నీకు నేర్పాను.

వాడు మంచివాడు కాదు. వాడి ముందు తల దించుకుని ఆ కాగితం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నా అధ్యాయం చించేశారు. అది నేను భరిస్తాను. నాన్నను నువ్వు ఎత్తుకుని పెంచావు, నాన్నకు మొదటి ముద్ద పెట్టింది నువ్వేనని ఎన్నిసార్లు చెప్పుకున్నావో. ఇక నాన్న కంచం దగ్గరికి నిన్ను రానివ్వను. రావద్దు. వచ్చినా తలుపు తియ్యను.

కింద సంతకం అక్కర్లేదు, ఎవరో తెలుసు.

సెప్టెంబర్ 24

పొట్టీ,

నువ్వు రాసిందంతా నిజం. ఒక్క అక్షరం కాదనను.

సోడాదొర బస్సు డిపో క్యాంటీన్ పట్టాడట. వాడికేం కాలేదు. ఈ మాట విన్నాక నాలో ఏదో తెగిపోయింది. నేను కొట్టిన దెబ్బ వాడి చొక్కా చేతికి తగిలింది, అంతే. మిగతాదంతా ఎవరికి తగిలిందో నువ్వు రాశావు.

మీ నాన్న జట్టు నిన్న ఇంటికి వచ్చింది. నలుగురూ గుమ్మం బయటే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నా రాలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ళలో ఒకడు క్యారియర్ పట్టుకుని ఉన్నాడు. వాళ్ళు నలుగురూ ఇప్పుడు షెడ్డు చివర బెంచీ మీద తింటున్నారట, ఇంటి నుంచి తెచ్చుకుని. మీ నాన్న వస్తే ఆ బెంచీ మీద చోటుందని చెప్పమన్నారు.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత రాయి. తలుపు తియ్యకు. కానీ ప్రతి ఉత్తరంలోనూ వాడు ఏం తిన్నాడో ఒక్క ముక్క రాయి. అది చదువుకుని పొయ్యి వెలిగిస్తాను.

అత్త

అక్టోబర్ 5

అత్తా,

నాన్న తినడం లేదు.

ఆసుపత్రి నుంచి నా ఇంటికి తెచ్చుకున్నాక పుస్తకంలో ఉన్నట్టే వండుతున్నాను. సగం కూరగాయలు, పావు ధాన్యం, పావు పప్పు, ఉప్పు కొలత ప్రకారం. మొదటి ముద్దకే పెదవులు బిగిస్తాడు. ఎడమ చేత్తో కంచం తోసేస్తాడు. ఆసుపత్రిలో నర్సు బతిమాలింది, ఇంట్లో నేను బతిమాలాను, చివరికి అరిచాను. అరిస్తే గోడ వైపు తిరిగాడు. నాకు రాయడం వచ్చు, తగ్గించి రుచిగా వండడం రాదు. అది మా అందరి పుస్తకాల్లోనూ ఒక వాక్యం, నీకు మాత్రం చేత్తో పని.

నోరు తిరగదు కదా, ఒక్క మాట మాత్రం స్పష్టంగా అంటాడు. అక్క. కంచం తెచ్చినప్పుడల్లా గుమ్మం వైపు చూసి ఆ మాటే అంటాడు.

నీ ఉత్తరం అందిన రోజే నిన్ను రమ్మని రాసి ఉండొచ్చు. రాయలేదు. నువ్వు ఇంకొన్నాళ్ళు ఏడవాలని ఆగాను. నువ్వు ఏడుస్తున్నావనుకుంటే నాకు కాస్త ఊరటగా కూడా ఉండేది. ఈ రోజు పొద్దున నాన్నకు స్నానం చేయిస్తుంటే పక్కటెముకలు చేతికి తగిలాయి. నిన్ను కొట్టడానికి నేను ఎవరి కంచం అడ్డం పెట్టానో అప్పుడు తెలిసింది. నీకు తెలిసినప్పుడు ఎలా ఉండి ఉంటుందో కూడా తెలిసింది.

రా. క్షమించానని కాదు. క్షమించలేదు, ఎప్పటికైనా క్షమిస్తానో లేదో తెలీదు. తలుపు తీసే ఉంటుంది, నేను ఎదురు రాను. లోపల ఎడమ పక్క గది నాన్నది, దాని వెనక వంటిల్లు. నాతో మాట్లాడకు. ముందు వెళ్ళి నాన్నకు పెట్టు.

పొట్టి